‘బ్యాకప్ ఓకే’ అన్నంత మాత్రాన

హైదరాబాద్,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ రవీ,

నీ ఉత్తరం అందింది. ఉత్తరం అనడం కంటే ఫిర్యాదుల పుస్తకం అంటే బాగుంటుందేమో. మీ ఆసుపత్రి సర్వర్ల బ్యాకప్ ఫెయిలైందని రోజూ పొద్దున్నే ఎర్రక్షరాల మెయిళ్లు వస్తున్నాయని ఒకటి, నీకు ముందు ఆ ఉద్యోగం చేసినాయన కాగితం ముక్క కూడా రాసిపెట్టకుండా వెళ్లిపోయాడని ఒకటి, పెద్ద డాక్టరుగారు "ఉచితంగా వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇలాగే ఏడుస్తుంది, డబ్బు పెట్టి మంచిది కొందాం" అంటున్నారని ఇంకొకటి. ముందు ఆ చివరిదానికి జవాబు చెబుతాను. కొనవద్దు. కనీసం ఇప్పుడే కొనవద్దు. నువ్వు పంపిన రిపోర్టులన్నీ నిన్న రాత్రి కూర్చుని చదివాను. మీ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ బాక్యులా తప్పు అనదగ్గది వాటిలో ఒక్కటీ కనిపించలేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, మిగతా అందరి నిర్వాకానికీ అది మాటలు పడుతోంది.

ఆసుపత్రిలో పగలంతా ఎవరి ప్రోగ్రాం వాళ్లు వాడుకుంటారు. బిల్లింగ్ వాళ్లకి బిల్లింగ్ సర్వర్ పనిచేస్తే చాలు, ల్యాబ్ వాళ్లకి ల్యాబ్ సర్వర్ పనిచేస్తే చాలు. రాత్రి పదకొండు దాటాక అన్ని సర్వర్ల తలుపులూ తట్టేది, ప్రతి డిస్కునూ చివరిదాకా చదివేది బ్యాకప్ ఒక్కటే. మారిన పాస్‌వర్డ్, వదులైన కేబుల్, చెడిపోతున్న డిస్కు, తప్పిన గడియారం, ఎవరో మూసేసిన ఫైర్‌వాల్ పోర్టు (నెట్‌వర్క్ తలుపు), ఏదైనా ముందు తగిలేది దానికే. అందుకే ఎర్రక్షరాలు చూడగానే సాఫ్ట్‌వేర్‌ను తిట్టకుండా, అది ఎక్కడ ఎవరికి తగిలి ఆగిపోయిందో చూడు. లాగ్‌లో (ఏం జరిగిందో వరుసగా రాసే చిట్టాలో) అందరూ చివరి వరుస చదువుతారు. చివరి వరుసలో ‘బ్యాకప్ ఎర్రర్’ అని తప్ప ఇంకేమీ ఉండదు. మొట్టమొదట ఎక్కడ బెసికిందో పైనుంచి వెతుక్కుంటూ రావాలి. దాని తర్వాత వచ్చే ఎర్రర్లు చాలావరకు ఆ మొదటిదాని సంతానమే.

బాక్యులా ఎలా పనిచేస్తుందో నీకు ఎవరూ చెప్పినట్టు లేదు, నేను చెబుతాను. దీన్ని కెర్న్ సిబాల్డ్ 2000లో మొదలుపెట్టాడు. డ్రాక్యులాలా రాత్రిపూట వచ్చి కంప్యూటర్ల సారం పీల్చుకుపోతుందని వాళ్ల పాత పరిహాసం. పెద్ద సంస్థల కోసం ఆలోచించి కట్టినది కాబట్టి పనిని ముగ్గురికి పంచారు. డైరెక్టర్ అనేవాడు ఎప్పుడు ఏది చేయాలో చెబుతాడు. ప్రతి సర్వర్‌లోనూ ఫైల్ డీమన్ (డీమన్ అంటే వెనకాల ఎప్పుడూ నడుస్తుండే ప్రోగ్రాం) ఒకటి కూర్చుని ఫైళ్లు చదువుతుంది. స్టోరేజ్ డీమన్ వాటిని అందుకుని డిస్కు మీదో టేపు మీదో రాస్తుంది. ఏ ఫైలు ఏ రోజు ఎక్కడ రాశామో గుర్తుపెట్టుకోవడానికి కేటలాగ్ అని ఒక డేటాబేస్ ఉంటుంది. ముగ్గురికీ మూడు పోర్టులు: 9101, 9102, 9103.

కొత్తవాళ్లు తరచుగా పడే గొయ్యి ఇక్కడే ఉంది. ఫైళ్లు డైరెక్టర్ ద్వారా వెళతాయని చాలామంది అనుకుంటారు. నిజానికి ఫైల్ డీమనే నేరుగా స్టోరేజ్ డీమన్‌కి ఫోన్ కలుపుకుంటుంది, ఆ చిరునామా మాత్రం డైరెక్టర్ చెబుతాడు. డైరెక్టర్ సెట్టింగుల్లో స్టోరేజ్ చిరునామా ‘లోకల్‌హోస్ట్’ (అంటే ‘ఈ మెషినే’) అని ఉందనుకో, వేరే సర్వర్ ఏదైనా తనలోనే స్టోరేజ్ ఉందనుకుని తన తలుపు తనే తట్టుకుంటూ కూర్చుంటుంది. అదే మెషిన్‌లో ఉన్న ఫైళ్ల బ్యాకప్ చక్కగా జరుగుతుంది, ఆ చిరునామా అందుకున్న మిగతా సర్వర్లవి మాత్రం ఫెయిలవుతాయి. మీ కొత్త ఫార్మసీ సర్వర్‌కి వస్తున్న ఎర్రర్ అచ్చం ఇలాగే ఉంది. దాని బ్యాకప్‌కి రాసిన స్టోరేజ్‌లో లోకల్‌హోస్ట్ ఉంటే తీసేసి అసలు ఐపీ చిరునామా రాసి, ఆ సర్వర్ నుంచి 9103 పోర్టు తెరిచి ఉందో లేదో చూడు. అది అక్కడితో సరి.

ఇక నిన్ను రోజూ నిద్ర లేపుతున్న మెయిల్ సంగతి. రాయడానికి తగిన వాల్యూమ్ (బ్యాకప్ రాసే ఫైలు) దొరకడం లేదు, కొత్తదానికి లేబుల్ వెయ్యండి అని అడుగుతోంది కదా. నువ్వు చేస్తున్నది అదే: రోజూ లాగిన్ అయి కొత్త వాల్యూమ్ ఇస్తున్నావు. కానీ ఎన్ని రోజులు ఇస్తావు? నాస్‌లో (బ్యాకప్‌లు దాచే నెట్‌వర్క్ డిస్కు పెట్టెలో) ఉన్నది 4 టీబీ అన్నావు.

బాక్యులా పుట్టింది టేపుల కాలపు ఆలోచనతో. డిస్కు మీద రాస్తున్నా ఒక్కొక్క ఫైలునీ ఒక టేపు అనుకుంటుంది. టేపు నిండాక దానికి ఒక గడువు, వాల్యూమ్ రిటెన్షన్ అంటారు. నువ్వేమీ చెప్పకపోతే అది 365 రోజులు. చివరిసారి రాసిన రోజు నుంచి ఏడాది గడిస్తే తప్ప దాని మీద తిరిగి రాయదు. మీ పాతాయన దాన్ని అలాగే వదిలేశాడు. నాస్ మాత్రం ఏడాదికి సరిపోయేంత లేదు. అంతకంటే విచిత్రం, ఇంకో పూల్‌లో (వాల్యూముల గుంపులో) ఒక్కో వాల్యూమ్ ఎంత పెద్దది కావచ్చో పరిమితి కూడా పెట్టలేదు. పరిమితి లేకపోతే అది ఎప్పటికీ ‘నిండింది’ అనిపించుకోదు. నిండకపోతే తిరిగి వాడుకునే వంతు కూడా రాదు. ఒకే ఫైలు ఉబ్బుతూ ఉబ్బుతూ పోతుంది. నువ్వు పంపిన జాబితాలో 900 జీబీ ఉన్న ఆ ఒక్క వాల్యూమ్ చూసి ఏమైనా అనుమానం వచ్చిందా? అదే.

కాగితం తీసుకుని లెక్క వెయ్యి. ఒక్కో వాల్యూమ్ 50 జీబీ అనుకుందాం. 60 వాల్యూములకి 3 టీబీ. మిగిలిన 1 టీబీ ఊపిరి పీల్చుకోవడానికి వదిలెయ్యి. వారానికి ఒక ఫుల్ (మొత్తం నకలు), రోజూ ఇంక్రిమెంటల్ (కొత్తగా మారినవి మాత్రమే) తీస్తే మీ డేటాకి ఈ 60 వాల్యూములు ఎన్ని వారాలు వస్తాయో చూసుకుని, దానికి కాస్త లోపలే రిటెన్షన్ పెట్టు. నెల రోజులు వస్తుందని నా అంచనా. అలా చేశాక కూడా ఎర్రక్షరాలు తగ్గకపోతే కంగారు పడకు, ఎందుకంటే ఇక్కడ ఇంకో మెలిక ఉంది. సెట్టింగుల ఫైల్లో నువ్వు మార్చిన గడువు కొత్తగా పుట్టే వాల్యూములకే వర్తిస్తుంది. పాతవి పుట్టినప్పటి 365నే మెడలో కట్టుకుని తిరుగుతుంటాయి. కన్సోల్‌లో (బాక్యులాకి ఆదేశాలు టైపు చేసే చోట) అప్‌డేట్ ఆదేశం ఇచ్చి, వాల్యూమ్ సెట్టింగులు ఎంచుకుని, పూల్‌లో ఉన్నవన్నిటికీ కొత్త విలువలు తీసుకొమ్మని చెప్పాలి. ఈ ఒక్క మెట్టు తెలియక విసిగిపోయి వేరే సాఫ్ట్‌వేర్ కొనుక్కున్నవాళ్లను నేను ఎరుగుదును. గడువు తీరిన వాల్యూమ్ ఫైలు డిస్కు మీద అంతే సైజులో కనబడుతూనే ఉంటుంది, దాని మీద తిరిగి రాసినప్పుడే జాగా కలిసొస్తుంది. నాస్ నిండుగా ఉందని భయపడి ఆ ఫైళ్లను చేత్తో చెరిపేవు సుమా. కేటలాగ్ అవి ఉన్నాయనే అనుకుంటుంది. అప్పుడు అసలు రంగులు బయటపడతాయి.

సరే, ఎర్రవి ఇంతే. నన్ను నిజంగా భయపెట్టినవి నువ్వు ‘ఇవి బాగానే ఉన్నాయిలే’ అని పక్కన పెట్టిన పచ్చవి.

ల్యాబ్ సర్వర్ రిపోర్టు మళ్లీ తెరువు. కింద ‘బ్యాకప్ ఓకే’ అని ఉంది. కొంచెం పైకి వెళ్లి ఎన్ని బైట్లు రాసిందో చూడు. ఫుల్ బ్యాకప్‌కి 6 జీబీ చిల్లర. ఆ సర్వర్‌లో ఎక్స్‌రేలు, స్కానింగ్ బొమ్మలు వందల జీబీలు ఉన్నాయని నువ్వే రాశావు. 6 జీబీ అంటే ఆ సర్వర్ లినక్స్ సరంజామా, ఇంకాస్త చిల్లర సామాను. బొమ్మలేవీ? ఇంకా పైకి వెళితే ఒక వరుస ఉంటుంది, ఎర్ర రంగు లేదు, హెచ్చరిక గుర్తు లేదు: /డేటా అనేది వేరే ఫైల్‌సిస్టం, నేను అందులోకి దిగను అని. బాక్యులా ఒక డిస్కులో మొదలుపెడితే దానికి తగిలించిన ఇంకో డిస్కులోకి, నువ్వు ప్రత్యేకంగా చెబితే తప్ప, అడుగు పెట్టదు. మీ పాతాయన ‘మొత్తం సర్వర్ బ్యాకప్ చెయ్యి’ అని వేరు (రూట్ ఫోల్డర్) నుంచి మొదలుపెట్టించాడు. తర్వాత ఎప్పుడో జాగా చాలక కొత్త డిస్కు తెచ్చి /డేటాగా తగిలించి బొమ్మలన్నీ అందులోకి మార్చారు. ఆ రాత్రి నుంచి బ్యాకప్ తేలికైపోయింది, త్వరగా ముగుస్తోంది, రోజూ ఓకే అంటోంది. దాని మాటలో అబద్ధం లేదు. చెయ్యమన్నది చేసింది, చెయ్యనిది చెయ్యలేదని కూడా రాసింది. చదివినవాడు లేడు.

రేపు పొద్దున ఆసుపత్రికి వెళ్లగానే మొదటి పని ఇదే చెయ్యి. ఫైల్‌సెట్‌లో (ఏవి బ్యాకప్ చెయ్యాలో రాసే జాబితాలో) /డేటాను విడిగా ఒక వరుసగా రాసి, ఆ రాత్రికే ఫుల్ నడిపించు. నెలరోజుల లెక్క దీనితో మారుతుంది, మళ్లీ వేసుకోవాలి. మారనీ.

అదే సర్వర్‌లో ఇంకొకటి. మైసీక్వెల్ డేటాబేస్ ఫైళ్లను అవి నడుస్తుండగా అలాగే ఎత్తి కాపీ చేస్తే సగం రాసిన స్థితిలో వస్తాయి, పనికిరావు. ఈ సంగతి మీ పాతాయనకి తెలుసు, పాపం. అందుకే రాత్రి రెండు గంటలకి క్రాన్‌లో (వేళకి పనులు నడిపే ప్రోగ్రాంలో) డంప్ (డేటాబేస్ మొత్తాన్ని ఒక ఫైలులోకి దింపడం) పెట్టాడు. ఆ డంపులున్న ఫోల్డర్ జాబితా పంపావు కదా, సైజుల వరుస మాత్రమే చూడు. మొన్నటి దాకా ఒక్కోటీ మూడు వందల ఎంబీ పైన. ఆ తర్వాత నుంచి అన్నీ 20. ఎంబీ కాదురా, బైట్లు. లోపల ఏమీ లేకుండా జీజిప్ (కుదించే ప్రోగ్రాం) చేసిన ఫైలు సరిగ్గా 20 బైట్లు ఉంటుంది, ఈ పనిలో ఉన్నవాళ్లకి ఆ అంకె చూస్తే వెన్ను జలదరిస్తుంది. ఎవరో డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చారు. డంప్ లోపలికి వెళ్లలేక వెనక్కి తిరిగింది. కానీ డంప్ ఇచ్చిన దాన్ని గొట్టం (పైప్) ద్వారా జీజిప్‌కి పంపుతున్నారు, జీజిప్ తన పని తాను చేసి ‘నాకేం, నేను బాగానే ముగించాను’ అంది. గొట్టం చివర ఉన్నవాడి మాటే షెల్ (లినక్స్‌లో ఆదేశాలు నడిపే ప్రోగ్రాం) వింటుంది. బాష్ అనే షెల్‌లో పైప్‌ఫెయిల్ అనే సెట్టింగ్ పెడితే మధ్యలో ఎవరు పడినా మొత్తం పడినట్టే లెక్క.

నన్నడిగితే ఆ డంప్‌ను క్రాన్ నుంచే తీసేస్తాను. బాక్యులాలోనే, జాబ్ మొదలయ్యే ముందు క్లయింట్ (అంటే ఆ సర్వర్) మీద ఫలానా స్క్రిప్ట్ నడుపు అని చెప్పే వీలుంది. ఆ స్క్రిప్ట్ ఫెయిలైతే జాబ్ కూడా ఫెయిలై నీకు మెయిల్ వస్తుంది. పైగా ఇప్పుడు బ్యాకప్ రాత్రి పదకొండింటికి, డంప్ రెండింటికి. అంటే బ్యాకప్‌లోకి వెళ్లేది ఎప్పుడూ ఇరవై ఒక్క గంటల పాత డంపే! సింగిల్ ట్రాన్సాక్షన్ ఆప్షన్ పెడితే ఇన్నోడీబీ (మైసీక్వెల్‌లో ఒక టేబుల్ రకం) టేబుళ్లు తాళం పడకుండా ఒకే క్షణపు చిత్రంలా వస్తాయి. పాత మైఐసామ్ టేబుళ్లు ఉంటే మాత్రం ఆ ఆప్షన్ వాటికి పనిచెయ్యదు, చూసుకో. డంప్ పూర్తయితే ఫైలు చివరి వరుసలో ‘డంప్ కంప్లీటెడ్’ అని తేదీతో ఉంటుంది. స్క్రిప్ట్ చివర ఆ వరుస ఉందా లేదా అని వెతికించు. క్రాన్‌లోనే ఉంచుతానంటావా, ఫైలు పేరులో తేదీ కోసం శాతం గుర్తు రాసేటప్పుడు దాని ముందు బ్యాక్‌స్లాష్ మరచిపోకు. లేకపోతే క్రాన్ ఆ గుర్తు దగ్గరే ఆదేశాన్ని తెగ్గొడుతుంది. చేత్తో నడిపితే పనిచేస్తుంది, రాత్రి పనిచెయ్యదు, మనిషికి పిచ్చెక్కుతుంది.

విండోస్ బిల్లింగ్ సర్వర్ గురించి ఎక్కువ చెప్పను, అది కాస్త నయంగా ఉంది. ఎప్పుడైనా ఫెయిలైతే ముందు వీఎస్ఎస్ రైటర్ల (నడుస్తున్న ప్రోగ్రాంల ఫైళ్లను కాపీకి సిద్ధం చేసే విండోస్ భాగాల) జాబితా అడిగి చూడు. సీక్వెల్ రైటర్ ‘స్టేబుల్’ అని కాక ‘ఫెయిల్డ్’ అని ఉంటే ఆ రైటర్ సర్వీసును ఒకసారి ఆపి మొదలుపెడితే చాలాసార్లు దారికొస్తుంది. సర్వర్ మొత్తం రీస్టార్ట్ చేయాల్సిన పనిలేదు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లు మధ్యమధ్య వచ్చి తమ పెన్‌డ్రైవ్‌లోకి ఫుల్ బ్యాకప్ తీసుకుని పోతుంటారన్నావు, వాళ్లను మాత్రం కనిపెట్టి ఉండు. ఆ తర్వాత నువ్వు తీసే డిఫరెన్షియళ్లన్నీ (చివరి ఫుల్ తర్వాత మారినవాటి బ్యాకప్‌లన్నీ) వాళ్ల పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఫుల్‌ను ఆధారం చేసుకుంటాయి. అవసరానికి ఆ పెన్‌డ్రైవ్ ఎక్కడ దొరుకుతుంది? ‘కాపీ ఓన్లీ’ అనే పద్ధతిలో తీసుకొమ్మని చెప్పు, గొడవ ఉండదు.

ఇదంతా చదివి మనది చిన్న ఊరు ఆసుపత్రి కాబట్టి ఇలా ఉందని చిన్నబుచ్చుకోకు. గిట్‌ల్యాబ్ తెలుసుగా, లోకంలో ఎంతోమంది ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే చోటు. 2017 జనవరి 31 రాత్రి వాళ్ల ఇంజనీరు ఒకరు అలసిపోయి, రెండో సర్వర్ అనుకుని అసలు సర్వర్‌లో డేటాబేస్ ఫోల్డర్ చెరిపేశారు. తెలుసుకుని ఆపేసరికి సుమారు 300 జీబీల్లో మిగిలింది 4.5 జీబీ. పోనీలే బ్యాకప్‌లున్నాయి కదా అని వెళితే డంపులు ఉండాల్సిన చోటు ఖాళీ. డేటాబేస్ 9.6, డంప్ తీసే ప్రోగ్రాం 9.2. వెర్షన్ కలవక రోజూ ఫెయిలవుతోంది. ఫెయిలైందని మెయిల్ కూడా వెళ్లేది, కానీ దానికి సరైన సంతకం లేదని అందుకునే సర్వరే తిప్పికొట్టేది. ఇంకో రకం డిస్క్ స్నాప్‌షాట్లు (ఒక క్షణంలో డిస్కు ఎలా ఉందో ఆ నకళ్లు) డేటాబేస్ సర్వర్లకి పెట్టనే లేదు. చివరికి వాళ్లను కాపాడింది, దాదాపు ఆరు గంటల ముందు ఏదో పరీక్ష కోసం చేత్తో తీసిన ఒక స్నాప్‌షాట్. నాకు వాళ్ల మీద గౌరవం ఎందుకంటే, జరిగిందంతా దాచుకోకుండా బయటపెట్టారు, రీస్టోర్ (డేటాను తిరిగి తెచ్చుకోవడం) జరుగుతుంటే యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించారు.

జపాన్‌లో క్యోటో విశ్వవిద్యాలయం కథ ఇంకా చిత్రం. 2021 డిసెంబరులో వాళ్ల సూపర్‌కంప్యూటర్‌లో బ్యాకప్ స్క్రిప్టే 77 టీబీల పరిశోధన ఫైళ్లను చెరిపేసింది. పాత లాగ్‌లు తుడిచే స్క్రిప్ట్ అది. నడుస్తుండగానే దాని మీద కొత్త వెర్షన్ పెట్టారు. బాష్ స్క్రిప్టును కొంచెం కొంచెంగా చదువుకుంటూ పోతుంది కాబట్టి సగం పాతది, సగం కొత్తది నడిచింది. ఫోల్డర్ పేరు ఉండాల్సిన చోట ఖాళీ వచ్చింది. నడుస్తున్న స్క్రిప్ట్ మీద చెయ్యి వెయ్యకు అని నీకు ఇంకోలా చెప్పాలంటే నా దగ్గర మాటల్లేవు.

డాక్టరుగారితో ఏం మాట్లాడాలో అడిగావు. ఆయనకి వాల్యూములూ డీమన్లూ చెప్పకు. ఢిల్లీ ఎయిమ్స్ సంగతి చెప్పు, డాక్టర్లందరికీ గుర్తుంటుంది. 2022 నవంబరు 23న ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) పడి ఐదు సర్వర్లలో సుమారు 1.3 టీబీ డేటాకి తాళం పడింది. రోజుల తరబడి ఓపీ చీటీలు చేత్తో రాసుకున్నారు. రోగుల వివరాలు తిరిగి వచ్చాయంటే, దాడి తగలని ఒక బ్యాకప్ సర్వర్ మిగలడం వల్లనే. ఇప్పుడు మన నాస్ ఎక్కడుంది? బిల్లింగ్ సర్వర్ నెత్తి మీద, అదే ర్యాకులో, అదే అడ్మిన్ పాస్‌వర్డ్‌తో. ఒక్క దాడి, ఒక్క షార్ట్ సర్క్యూట్ చాలు రెండూ కలిసి పోవడానికి. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే కంపెనీ డేటాసెంటర్ కాలిపోయినప్పుడు, బ్యాకప్ కూడా అదే ఆవరణలో ఉంచుకున్నవాళ్లు కొందరు రెండూ పోగొట్టుకున్నారు. లైసెన్సుకి పెట్టాలనుకున్న డబ్బులో కొంత భాగంతో రెండు పెద్ద ఎక్స్‌టర్నల్ డిస్కులు కొనిపించు. ఒకటి తగిలి ఉన్నప్పుడు ఇంకొకటి వేరే భవనంలో, బీరువాలో, ఏ కేబులూ లేకుండా ఉండాలి. వారం వారం మార్చు. కేబుల్ లేని డిస్కును ఏ వైరసూ ముట్టుకోలేదు. నాస్ పాస్‌వర్డ్ రేపే మార్చు, ఆ లాగిన్ ఇంకెక్కడా వాడకు.

ఆయన్ని ఒక్క ప్రశ్న అడుగు: "సార్, ఎన్ని గంటల బిల్లులు పోతే ఫరవాలేదు?" ఆయన చెప్పే అంకెను బట్టే నువ్వు బ్యాకప్ ఎన్నిసార్లు తీయాలో తేలుతుంది. ఒక్క గంట కూడా పోకూడదంటారు, అందరూ అదే అంటారు. ఖర్చు చెబితే నాలుగు గంటల దగ్గర బేరం కుదురుతుంది.

రీస్టోర్ గురించి. ఒక శనివారం సాయంత్రం ఓపీ అయిపోయాక, ఏదో ఒక పాత రోగి ఎక్స్‌రే ఫైలు, ఏదో ఒక డంప్ ఎంచుకుని, వేరే ఫోల్డర్‌లోకి తిరిగి తెచ్చి చూడు. బొమ్మ తెరుచుకోవాలి. డంప్‌ను పాత డెస్క్‌టాప్ ఒకదాంట్లో ఎక్కించి, నిన్నటి రిపోర్టులు ఎన్ని ఉన్నాయో లెక్క చూడు. ఎంతసేపు పట్టిందో గోడ మీద రాసిపెట్టుకో, కొంప మునిగిన రోజున అందరూ అడిగేది అదే. ఫైళ్ల జాబితా గడువు అని ఇంకొకటుంది, మామూలుగా 60 రోజులు. అది దాటాక వాల్యూమ్‌లో ఫైలు ఉన్నా కేటలాగ్‌లో పేరు ఉండదు, ఒక్క ఫైలు కావాలంటే ఎంచుకోవడానికి దొరకదు. ఆ గడువును కనీసం వాల్యూమ్ గడువుతో సమానం చెయ్యి. కేటలాగ్ బ్యాకప్ అన్ని జాబ్‌లూ అయ్యాక చివర నడుస్తోందా, దాని కాపీ ఆ బీరువా డిస్కులోకి కూడా వెళుతోందా చూడు. కేటలాగ్ పోతే వాల్యూములన్నీ మొదటి నుంచి చదివించి తిరిగి కట్టుకునే పనిముట్టు ఉంది, బీస్కాన్ అని. పగవాడికి కూడా ఆ పని వద్దు.

చెల్లెమ్మకి ఈ నెల నా మాటగా సారీ చెప్పు, నీ శనివారం ఒకటి నేను తినేస్తున్నాను. పిల్లవాడి పదో తరగతి ఎలా సాగుతోంది? దసరాకి కాకినాడ వస్తాను, గొట్టం కాజా బాకీ ఉన్నావు, కోటయ్య కొట్టులోనే కొనాలి.

సోమవారం రాత్రి /డేటాతో ఫుల్ నడిచాక ఆ రిపోర్టు పంపు. బైట్ల వరుస, దానితో పాటు వాల్యూముల జాబితా ఉంటే చాలు. అందాకా కన్సోల్‌లో పర్జ్ అనే ఆదేశం కనిపిస్తే దాని జోలికి పోకు. అది గడువులను లెక్కచెయ్యదు, అడిగిన వెంటనే కేటలాగ్‌లో రికార్డులు తుడిచేస్తుంది. నేను వచ్చాక ఆ 900 జీబీ వాల్యూమ్ సంగతి ఇద్దరం కలిసి చూద్దాం.

నీ
మూర్తి